గాజర్ హల్వాకు ఆడిట్ అభ్యంతరం

ఉచితంగా వస్తే ఫినాయిలైనా తాగేస్తారంటారు. మా మావయ్యగారు మాత్రం ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను కూడా అనుమానంగా చూసి పక్కన పెట్టిన మనిషి. కేంద్ర ప్రభుత్వంలో ఆడిట్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఢిల్లీలో సరోజినీ నగర్ క్వార్టర్ ఖాళీ చేసి మా జనక్‌పురి ఫ్లాట్‌కు వచ్చారు గానీ, ఆడిట్‌ను మాత్రం ఖాళీ చెయ్యలేదు.

ఆయనకు వడ్రంగమంటే సరదా. క్వార్టర్ వెనక వరండాలో ప్యాకింగ్ పెట్టెలు విప్పి పీటలు, పుస్తకాల అరలు చేసేవారట. ఇక్కడ బాల్కనీలో రంపం, చిత్రిక మళ్ళీ బయటికి తీశారు. మొదట చేసిన అర గోడకన్నా బెత్తెడు పొడుగొచ్చింది. అది చూసి మావారు, "ముందు కంప్యూటర్లో గీసి చూసుకో నాన్నా. సరదాగా చేసుకునేవాళ్ళకి లైసెన్సు ఫ్రీ" అని ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి, నేర్పే పని నాకు అంటగట్టి, గురుగ్రామ్ ఆఫీసుకు వెళ్ళిపోయారు.

నేను అలవాటుగా 'ఒప్పుకుంటున్నాను' అన్నచోట నొక్కబోయాను. మావయ్యగారు కంగారుగా లేచి నిలబడ్డారు.

"చదవకుండా సంతకమా అమ్మా?"

"అందరూ ఇలాగే నొక్కేస్తారండీ మావయ్యగారూ."

"అందుకే ప్రభుత్వం ఆడిట్ అని ఒకటి పెట్టింది."

ఆ ఒప్పందమంతా ప్రింటు తీయించుకుని కూర్చున్నారు. దాన్ని రాసిన లాయరు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండడు. చివరికి సారాంశం తేల్చారు. సొంత సరదాకు వాడుకుంటే ఉచితం. దాంతో గీసి చేసిన వస్తువుకు ప్రతిఫలం పుచ్చుకుంటే మాత్రం రుసుము కట్టాలి. పైగా, తాను ఇంకా సరదాకే వాడుతున్నానని ఏటా మళ్ళీ చెప్పుకోవాలి. ఈయన సరదా మనిషని ఎవరైనా రాసిమ్మంటే తాను సంతకం పెట్టేది లేదని అత్తయ్యగారు వంటింట్లోంచే అనేశారు.

నేర్చుకోవడం మొదలయ్యాక ఆయనను ఆపడం మా వల్ల కాలేదు. బొమ్మలో బల్లను తిప్పితే దాని అడుగుభాగం కూడా కనిపిస్తుందని తెలిసిన రోజున ఆయన ముఖం వెలిగిపోయింది. ఉద్యోగమంతా ఎదుటివాళ్ళ లెక్కల అడుగున ఏముందో చూడటానికే తాపత్రయపడిన మనిషి కదా.

మా పక్క ఫ్లాట్‌లో పంజాబీ అంకుల్, ఆంటీ ఉంటారు. అంకుల్, మావయ్యగారు రోజూ సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుని దేశాన్ని బాగుచేసేవారు. మావయ్యగారి హిందీలో సగం తెలుగే ఉంటుంది. అంకుల్ అదేమీ పట్టించుకునేవారు కాదు. దీపావళి వెళ్ళాక అంకుల్‌కు పక్షవాతం వచ్చింది. మాట తడబడుతోంది, కుడిచెయ్యి వణుకుతోంది. మంచం మీద ఆంటీయే తినిపిస్తున్నారు. అలా తినడానికి ఆయనకు నామోషీ. రెండు ముద్దలు తిని "బస్" అంటున్నారట. మనిషి సగమైపోయారు.

మావయ్యగారు టేపు పట్టుకెళ్ళి ఆ మంచం కొలిచి వచ్చారు. కాళ్ళకు అటూ ఇటూ నిలబడే చిన్న బల్ల గీశారు. పొట్ట దగ్గర అర్ధచంద్రంగా కోత పెట్టారు. చెయ్యి వణికినా పళ్ళెం జారిపోకుండా చుట్టూ అంచు కట్టారు. బాల్కనీ అంతా రంపపు పొట్టు చేసి, చివరికి పట్టుకెళ్ళి ఇచ్చారు. ఆ పూట అంకుల్ తన చేత్తోనే, సగం ఒలకబోసుకుంటూనే, రోటీ పప్పు తిన్నారట. అది చెబుతూ ఆంటీ మా గుమ్మంలోనే ఏడ్చేశారు.

మర్నాడు ఆంటీ పెద్ద స్టీలు డబ్బా నిండా గాజర్ హల్వా తెచ్చారు. "భాయ్ సాబ్ కే లియే", అన్నయ్యగారికని, నా చేతిలో పెట్టి వెళ్ళారు. చలికాలం ఢిల్లీ ఎర్ర క్యారెట్లు, పైన జీడిపప్పు. అత్తయ్యగారు గిన్నెలు తీస్తుండగా మావయ్యగారు అడ్డుపడ్డారు.

"ప్రతిఫలం డబ్బు రూపంలోనే ఉండాలని ఎక్కడా లేదమ్మా. ఇది వస్తు రూపం."

"హల్వా అండీ!"

"హల్వా వస్తువు కాదా? సర్వీసులో స్వీటు బాక్సు ముట్టలేదు. ఇప్పుడు తింటే కంచె చేను మేసినట్టు కాదూ?"

నేను హాస్యమనుకున్నాను. ఆయన నిజంగానే డబ్బా తీసుకెళ్ళి, "సారీ జీ, లైసెన్స్ మే అలావ్ నహీ" అని ఆంటీ చేతిలో పెట్టేసి వచ్చారు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని అత్తయ్యగారు గొణుక్కున్నారు.

ఆంటీకి లైసెన్సు సంగతేం తెలుస్తుంది? రోగం ఉన్న ఇంటి తిండి వీళ్ళు ముట్టరని అనుకున్నారు. సాయంత్రం తలుపు తీసేసరికి బల్ల మా గుమ్మం ముందు ఉంది. శుభ్రంగా తుడిచి మరీ పెట్టారు. మా ఇంటిది మీకు పనికిరాకపోతే మీ ఇంటిది మాకెందుకని దానర్థం.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ క్లాజు గెలిచింది మావయ్యగారూ. అక్కడ అంకుల్ మళ్ళీ పస్తు" అనేశాను. ఆయనతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన బల్ల ఎత్తుకుని, "హిందీ సరిగ్గా చెప్పాలి, నువ్వూ రామ్మా" అన్నారు.

అంకుల్ మంచం పక్కన నిలబడి, ఆయన తెలుగులో క్లాజు వారీగా చెబుతుంటే నేను హిందీలోకి మార్చాను. ఇలాంటి మనిషి నిజంగా ఉంటాడా అన్నట్టు ఆంటీ నా వంక చూశారు. అంకుల్ మూతి ఒక పక్కకు వంకరపోయింది. ఏమైందోనని భయపడ్డాను. తీరా చూస్తే ఆయన నవ్వుతున్నారు. బల్ల పెట్టమని ఎడమచేత్తో సైగ చేసి, హల్వా తెమ్మన్నారు.

"ఆజ్... ఆడిటర్ కో... రిశ్వత్ దూంగా" అన్నారు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. ఈరోజు ఆడిటర్‌కు లంచం ఇస్తారట.

కుడిచేత్తోనే చెంచా పట్టుకున్నారు. సాయం చెయ్యబోయిన ఆంటీని కసురుకున్నారు. హల్వా తీసుకుని, చెంచాను మావయ్యగారి వైపు లేపారు. చెయ్యి వణికి సగం బల్ల మీదే పడింది. మళ్ళీ తీసుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

మావయ్యగారు మంచం అంచున కూర్చుని, ముందుకు వంగి నోరు తెరిచారు. ఆ చెంచా చేరడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆయన అలాగే నోరు తెరుచుకుని ఉన్నారు.