యేసుదాసు కడిగిన సీసాలు

ఇన్నేళ్ళూ ఈ సంగతి నా భార్యకి కూడా చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా, ఈ మనిషి రేపు ఎవరి చెవిన వేస్తుందో అనే అనుమానం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఈ బరువు ఇక మోయలేను.

పంతొమ్మిదివందల యాభైల్లో మద్రాసులో నీళ్ళు పరీక్షించే లాబొరేటరీలో కెమిస్టుగా చేరాను. తిరువొత్తియూరులో తోళ్ళు పదునుచేసే ఫ్యాక్టరీ పక్కనున్న పేటలో బావి నీళ్ళు పచ్చబడ్డాయని ఫిర్యాదు వచ్చింది. నేనే వెళ్ళి సీసాలో పట్టుకొచ్చాను. పరీక్షలో ఊదారంగు తేలింది. క్రోమియం. తోళ్ళకి వాడేదే, తాగితే విషం.

నాకు ముందు తోచాల్సింది ఫ్యాక్టరీ. తోచింది యేసుదాసు. మా దగ్గర సీసాలు కడిగే మనిషి, ఆ పేటలోనే కాపురం. సీసాలు కడిగేది క్రోమిక్ ఆసిడ్‌తో. అందులోనూ ఆ క్రోమియమే ఉంటుంది కాబట్టి తర్వాత మూడుసార్లు మంచినీళ్ళతో జాడించాలని రూలు. బావి చెడిందని తేలితే పేటకి కుళాయి వస్తుందని, కావాలనే జాడించకుండా వదిలేశాడని నా మనసు కథ అల్లేసింది. ఎప్పుడొస్తున్నారు సార్ అని ముందురోజు అతను అడగడం కూడా కుట్రలాగే కనిపించింది. తన బావి కదా, అడగడా? ఆ ఆలోచన అప్పుడు రాలేదు.

ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన యేసుదాసుని పిలిపించారు. అతను ఆయన వైపు కాదు, నా వైపే చూశాడు.

"ఆరు తూర్లు జాడించినా సార్. ఆ నీళ్ళే నా బిడ్డలు తాగేది. బావి బాగుందని మీరు రాస్తే నాకంటే సంతోషపడేవోడు ఆడ ఎవురు?"

ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశారు. నేను మళ్ళీ వెళ్ళి నీళ్ళు పట్టుకురావాల్సింది. వెళ్ళలేదు. సీసాదే తప్పు, నీళ్ళు మంచివేనని రిపోర్టు రాసిచ్చాను.

మర్నాడు పొద్దున అతను కడిగి బోర్లించిన మిగతా సీసాలు బల్ల మీద అలాగే ఉన్నాయి. ఎందుకో ఒక్కొక్కదానిలో డిస్టిల్డ్ వాటర్ పోసి అదే పరీక్ష చేశాను. దేనిలోనూ రంగు రాలేదు, సీసాలు శుభ్రంగానే ఉన్నాయి. అన్నీ సింకులో ఒంపేశాను. రిపోర్టు ఇంకా ఆఫీసరుగారి గదిలోనే ఉంది. వెళ్ళి వెనక్కి తీసుకోలేదు. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? సీసాలు కడిగేవాడి ముందు తలవంచాల్సి వస్తుందనా? రెండోదే అయి ఉంటుంది. మొదటిదైతే చెప్పుకోవడానికి కాస్త గౌరవంగా ఉండేది.

తర్వాత పెద్ద పదవులే వచ్చాయి. దేన్నీ తొందరపడి నమ్మడని నలుగురూ మెచ్చుకున్నారు. పేటవాళ్ళు ఆ నీళ్ళే తాగారు. ఎంతకాలం తాగారో, ఎవరికేమయిందో నేను కనుక్కోలేదు. యేసుదాసు ఎలా బతికాడో కూడా కనుక్కోలేదు. అటువైపు రైలెక్కడమే మానేశాను.

మంచివాణ్ణి అనిపించుకోవడానికే ఇది రాస్తున్నానేమోనని ఇప్పుడు నా మీద నాకే అనుమానం. కానివ్వండి. క్షమించమని అడగడం లేదు. బావిలో విషం ఉంది. యేసుదాసు అబద్ధం చెప్పలేదు. రెండూ నాకు మర్నాడే తెలుసు. ఈ నాలుగు మాటలూ రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది.