సముద్రం పక్కన పట్టిపెట్టిన నీళ్లు

నా భార్యను నీళ్లదొంగ అని రాసినారు. నోటితో అని ఉంటే ఆ మాట గాలికి పోయేది. రాసినారు. అండమాన్ దిక్కున ఒక చిన్న దీవిలో, మేము దిగిన బసలో, వచ్చినోళ్ల పేర్లు ఎక్కించే పెద్ద రిజిస్టరులో, ఆమె పేరు పక్కన ఆ మాట రాసి, ఇంకా రెండు రోజులు ఉండాల్సిన మమ్మల్ని ఆ పగలే పడవ ఎక్కించినారు.

ఆమెది మడకశిర దిక్కు, గొర్రెలు కాసుకునే ఇల్లు. నాది కంబదూరు పక్కన పల్లె. నేను బడికి పోయింది రెండేళ్లే. తక్కిన చదువంతా నాకు నేనే నేర్చుకున్నది. మొదట పొట్లాలు కట్టిన కాయితాలు కూడబెట్టుకుని, తర్వాత బోరు మోటార్లతో వచ్చే పుస్తకాలు ముందరేసుకుని. మోటార్లు బాగుచేసే పనిలోనే బతుకంతా పోయింది. ఎంత లోతునున్న నీళ్లనైనా పైకి లాగినాను, లాగడానికి నీళ్లే లేనిచోట రైతు మొగం చూడలేక తల వంచుకుని సామాన్లు సర్దుకున్నా.

పెండ్లయిన కొత్తలో ఆమె నన్ను అడిగింది ఒకటే. సముద్రం చూపిస్తావా అని. మంచి పంట వచ్చినాక పోదామన్నా. మా దిక్కు ఆ మాటకు రేపు అని కాదు అర్థం. ఆమెకూ తెలుసు. మళ్లీ అడగలేదు. నేనే మరిచిపోలేదు.

బెంగళూరులో చదువుకునే మనవరాలు పోయిన ఏడాది సెలవులకు వచ్చినప్పుడు ఈ కథ విని, ఫోన్లో ఏవేవో నొక్కి, ఓడకు, దీవిలో బసకు చీట్లు తీసేసింది. రెండు వీపు సంచులు కూడా తెచ్చింది. పెట్టెలొద్దు తాతా, ఇప్పుడందరూ ఇట్లనే తిరుగుతాండారు అని చెప్పి, మా ఇద్దరి వీపులకూ పట్టీలు బిగించి చూసింది. వాళ్ల అవ్వ మాత్రం, దీంట్లో కొత్తేముండాది, గొర్రెపిల్లల్ని మోసిన వీపే కదా అనింది.

బస్సు కాడ మా ఊరాయన ఒకడు సంచులు చూసి నవ్వినాడు.

"ఏమన్నా, ఈ వయసులో బడికి పోతాండావా?"

"అవునప్పా. అప్పుడు రెండేళ్లే పోయినా. మిగిలింది ముగించుకుని వస్తా."

చెన్నైలో ఓడ ఎక్కినాం. మూడు రోజులకు పెద్ద రేవు, ఆడినుంచి చిన్న పడవలో దీవి. వెనక పచ్చటి కొండ, ముందర తెల్లటి ఇసుక, నడుమ తాటాకుల గుడిసెలు. గుడిసెల పక్కన కొబ్బరిచెట్లకు కట్టిన వల ఉయ్యాలలు. పొద్దున లేస్తే చేయాల్సిన పనేదీ లేకపోవడం నా బతుకులో అదే మొదలు. మొదటి రోజు ఉయ్యాలలో పండుకుని కూడా చేతులు ఊరకుండలేక దాని ముడులు బిగించుకుంటా ఉన్నా. రెండో రోజుకు ఆ చేతులు కూడా నిద్రపోయినాయి.

ఆమె మాత్రం తెల్లవారుతూనే నీళ్లలోకి పోయేది. మోకాలి లోతులో చీరతోనే కూర్చుండేది. అల వచ్చి చీరను ఉబ్బించి పోయేది. బర్రె చెరువులో కూర్చున్నట్ల కూర్చున్నావే అంటే, తిరిగి చూడకుండానే జవాబిచ్చింది. "బర్రెకుండే సుఖం నీకేం తెలుసు మామా." దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఇన్ని నీళ్లుండి పిడికెడు బియ్యం వండుకోలేమే అని చాలాసేపు దాన్నే చూస్తా ఉండింది. నలభై ఏండ్ల కాపురంలో ఆమె అంత తీరిగ్గా కూర్చోవడం నేను చూసింది ఆ రెండు రోజులే.

గదికి చేరిన రోజు ఆమె చేసిన మొదటి పని కొళాయి తిప్పడం. నీళ్లు వచ్చినాయి. వచ్చినాయి కాబట్టి పట్టింది. బక్కెట్టు, చెంబు, మేము తాగి పెట్టిన సీసాలన్నీ, చివరికి మూలనున్న కొత్త ప్లాస్టిక్ చెత్తబుట్ట కూడా కడిగి నింపింది. నాకు వింతగా తోచలేదు. మా ఊర్లో నీళ్లు వదిలే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు ఇంట్లో ఖాళీగా ఉండే గిన్నె అంటే, అది చిల్లుపడిన గిన్నె.

మూడో రోజు మధ్యాహ్నం వంటగది వెనక ఆమె ఒక నల్ల పైపును చూసింది. అది కొండ మీదినుంచి వచ్చి, ఇసుకలో నోరు తెరుచుకుని ఉండాది. మణికట్టంత ధార. తియ్యటి నీళ్లు, ఎవరికీ అక్కర లేకుండా, ఇసుకలో దారి చేసుకుని ఉప్పునీళ్లలోకి పోతాండాయి. చుట్టూ మనిషి లేడు. ఆమె నన్ను ఉయ్యాల నుంచి లేపింది. మొగం చూస్తే ఎవరో చనిపోయినారేమో అనుకున్నా.

"మామా, పానా తెచ్చినావా?"

తెచ్చినా. పానా లేకుండా నేను ఊరు దాటింది ఎప్పుడు? పైపు వెంట కొంచెం ఎగువకు పోతే వాల్వు దొరికింది. తిప్పే చక్రం ఊడిపోయి, కడ్డీ తుప్పు పట్టి ఉండాది. పానా వేసి తిప్పినా. ధార సన్నబడి, చుక్కై, నిలిచిపోయింది. ఇద్దరం ఒక మంచిపని చేసినామనుకుని గదికి వచ్చి కొబ్బరినీళ్లు తాగినాం.

తప్పు అక్కడ నాది. ఒప్పుకుంటా. మా నీళ్లు మోటారు లాగితే వస్తాయి, ఆపితే ఆగుతాయి. ఆ కొండ నీళ్లు ఊటనీళ్లు. వాటిని ఎవరూ లాగడం లేదు, ఎవరూ ఆపలేరు. ఒకచోట మూస్తే ఇంకోచోట తెరుచుకుంటాయి. ఆ తెరిచిన నోరు వృథా కాదు, ఒత్తిడి పోవడానికి పెట్టిన దారి. నీళ్లను పైకి లాగి లాగి ముసలివాణ్ణయినా కానీ, తమంతట వచ్చే నీళ్లు ఎట్ల నడుచుకుంటాయో నాకు తెలియదు. తెల్లారేసరికి కొండ మీద పైపు అతుకు ఊడిపోయి, ఏ గుడిసెలోనూ కొళాయి రాలేదు.

మేనేజరు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఆడ స్థిరపడినోళ్ల పిల్లవాడు, తెలుగువాడే. వాల్వు మూసి ఉండడం చూసి గదిగదికీ వచ్చినాడు. మా గదిలో నిండు బక్కెట్టు, వరసగా సీసాలు, చెత్తబుట్ట నిండా నీళ్లు.

"ఇవన్నీ ఏంటండీ?"

"నీళ్లు నాయనా," అనింది ఆమె.

"ఎందుకు పట్టారు?"

"వస్తాండె కదా. పట్టినా."

ఇంతకంటే నిజమైన జవాబు లోకంలో లేదు. వానికి అర్థం కాలేదు. అందరి నీళ్లూ ఆపేసి మీరు నింపుకున్నారన్నమాట అన్నాడు. వాల్వు మూసింది నేనప్పా, ఆమె కాదు, అతుకు సామాను ఇయ్యి, మధ్యాహ్నానికి నేనే బిగించి ఇస్తానని చెప్పినా. వినలేదు. మీరు దయచేసి ఖాళీ చేయండి అని రిజిస్టరు తెరిచి, ఇంగ్లీషులో రెండు మాటలు రాసినాడు. మాకు రాదనుకున్నాడు. మొదటి మాట లేని పేజీ నా మోటారు పుస్తకాల్లో లేదు. రెండో మాట పేపర్లో కోర్టు వార్తలు చదివి ఎప్పుడో నేర్చుకున్నా.

ఏం రాసినాడని ఆమె అడిగింది. ఆమెకు అబద్ధం చెప్పే అలవాటు లేదు నాకు. చెప్పినా. ఆమె సంచి వీపుకు తగిలించుకుని, పోయే ముందు బక్కెట్టు మీద పళ్లెం బోర్లించి, సీసాల మూతలు ఒక్కొక్కటీ బిగించి వచ్చింది.

ఊరికొచ్చినాక అందరూ సముద్రం ఎట్లుండాది అని అడిగినారు. ఉండాది లే అని ఆమె పనిలోకి పోయింది. తెచ్చిన గవ్వను ఎవరికీ చూపించలేదు. అంతవరకు నేను ఓర్చుకున్నా. నీళ్లు వదిలే రోజు మా వీధి కొళాయి కాడ అందరికంటే ముందు బిందె పెట్టేది ఆమె. ఇప్పుడు అందరికంటే వెనక నిలబడతాంది. ముందుకు రా అవ్వా అని ఆడపిల్లలు పిలిచినా, మీరు పట్టుకోండమ్మా అంటాంది. ఒకసారి ఆమె వంతు వచ్చేలోగా నీళ్లు నిలిచిపోయినాయి. ఖాళీ బిందెతో వచ్చింది. ఆ పొద్దు కూర్చుని మొదటి ఉత్తరం రాసినా.

మేనేజరుకు రెండు రాసినా. జవాబు లేదు. మనవరాలు బస యజమాని చిరునామా వెతికి పెట్టింది, వాళ్లూ తెలుగువాళ్లే. ఆ యజమానికి రాసిన మొదటిదానికీ జవాబు లేదు. పోస్టాఫీసులో గుమాస్తా, ఒక్క మాట కోసం ఇన్ని స్టాంపులా అన్నా అని నవ్వినాడు. ఒక్క మాటే కదప్పా, కొట్టేయడానికి వాళ్లకు మాత్రం ఎంత పని అన్నా. అంతకుముందు రాసినవాటిల్లో ఊట నీళ్ల గురించీ, మా కరువు గురించీ పేజీలు పేజీలు రాసినా. నాలుగోదాంట్లో అవన్నీ తీసేసినా. "వాల్వు మూసింది నేను. దొంగ అని రాయాలంటే నా పేరు పక్కన రాయండి. ఆమె పేరు పక్కనున్నది కొట్టేయండి. పోయిన రెండు రోజులు మాకు వద్దు. మీరు జవాబు రాసేదాకా నేను రాస్తానే ఉంటా."

శనక్కాయలు పీకే దినాల్లో జవాబు వచ్చింది. వాకిట్లో కాయలు ఒలుస్తాన్న ఆమె ముందర నిలబడి, గట్టిగా చదివినా.

"అయ్యా, మీ ఉత్తరాలు ఆలస్యంగా నా చేతికి వచ్చాయి. మా నాన్నగారు పోయాక ఈ బస నేనే చూసుకుంటున్నాను. మీరు అడిగినట్టు ఆ మాట కొట్టేసి పక్కన సంతకం పెట్టాను, ఆ పేజీ ఫోటో ఇందులో ఉంది. ఇంకో సంగతి మా వంటామెను అడిగితే తెలిసింది, మా మేనేజరు కుర్రాడు నాకు చెప్పలేదు. ఆ రోజు పైపు బాగయ్యేసరికి సాయంత్రమైంది. మీ గదిలో అమ్మగారు మూతపెట్టి వెళ్లిన బక్కెట్టు నీళ్లతోనే మధ్యాహ్నం అందరికీ అన్నం వండిందట, సీసాల్లోవి తాగడానికి ఇచ్చిందట. బుట్టలోవి మాత్రం అరటిచెట్లకి పోసిందట. అమ్మగారు పట్టకపోతే ఆ పూట మా అతిథులు పస్తుండేవారని అమ్మగారికి చెప్పండి."