త్రోబాల్ టీమ్‌కు చదివింపులు

ఇదంతా ఒక ఐస్ బాక్స్ వల్ల మొదలైంది. మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగువాళ్ళకు మగవాళ్ళ క్రికెట్ టీమ్ ఒకటి ఉంది. ఇళ్ళమ్మే ఏజెంటు ఒకాయన ఆ టీమ్‌కు జెర్సీలు కొనిపెట్టాడు. ఇన్సూరెన్స్ అమ్మే ఇంకొకాయన చక్రాలున్న పెద్ద ఐస్ బాక్స్ ఇచ్చాడు. ఆడవాళ్ళకు త్రోబాల్ టీమ్ ఉంది. మా ఆవిడ దానికి కెప్టెన్. ఒహాయోలో జరిగే టోర్నమెంటుకు వెళ్ళడానికి సాయం చేయమని ఆమె సంఘం కమిటీని అడిగితే, అందులో ఒక పెద్దమనిషి నవ్వి, "మీకెందుకమ్మా స్పాన్సర్లు? మీ ఆయనలు లేరూ?" అన్నాడట.

ఆమె ఇంటికొచ్చి కారు తాళాలు బల్ల మీద పెట్టిన చప్పుడుకే కమిటీ ఏమన్నదో నాకు సగం అర్థమైంది.

ఆ వారమే టీమ్ అంతా కూర్చొని ఒక తీర్మానం చేసుకున్నారు. మొగుళ్ళ డబ్బు ఒక్క డాలరు కూడా ముట్టరు. టీమ్ తను సంపాదించుకున్న డబ్బుతో వెళ్తుంది, లేదా వెళ్ళదు. చిన్నప్పుడు బళ్ళో, కాలేజీలో త్రోబాల్ ఆడి, పెళ్ళయ్యాక మళ్ళీ బంతి ముట్టని వాళ్ళే అందరూ. వాలీబాల్‌లాగే నెట్ ఉంటుంది కానీ ఇందులో బంతిని కొట్టరు, పట్టుకొని విసురుతారు. చలికాలమంతా ఒక స్కూలు జిమ్ అద్దెకు తీసుకొని ప్రాక్టీసు చేశారు. ఎంట్రీ ఫీజు, వ్యాను, హోటలు కలిపి నాలుగు వేల డాలర్లు కావాలి. ఎంట్రీ ఫీజుకు గడువు నెలాఖరు గురువారం సాయంత్రం. అది దాటితే వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకో టీమ్‌కు చోటు ఇచ్చేస్తారు.

ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే సైటులో పేజీ తెరిచే పని నాకు అప్పజెప్పారు. నేను లెక్కలు చదువుకున్నవాణ్ణి కాదు. కార్ల సీట్లు తయారుచేసే కంపెనీ గోదాములో చేరి, ధరల అంచనాలు వేసేవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఒక సీటుకు ఎన్ని స్క్రూలు పడతాయో, ఒక్కొక్కటి ఎన్ని సెంట్లో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటివాడికి ఈ పని ఇవ్వకూడదని అప్పటికి ఎవరికీ తోచలేదు.

"మీ కథ చెప్పండి" అని సైటు అడిగింది. వ్యాను అద్దె, పెట్రోలు, హోటల్లో గదికి నలుగురు చొప్పున ఎన్ని గదులు, ఊహించని ఖర్చులకు ఏడు శాతం అని నా కథ చెప్పాను. మొదటి వారమంతా కలిపి ఒకే ఒక్క విరాళం వచ్చింది. అది సైటు పనిచేస్తోందో లేదో చూద్దామని నేనే వేసిన ఐదు డాలర్లు. మా ఆవిడ అది కనిపెట్టి, మొగుళ్ళ డబ్బు కింద లెక్కగట్టి వెనక్కి ఇప్పించింది.

టీమ్‌లో అందరికన్నా పొడుగైన అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. ఆమె పేజీ చదివి, "అన్నా, ఏమనుకోకు. ఇది చదివితే డొనేట్ చెయ్యాలనిపిస్తలేదు. ఆడిట్ చెయ్యాలనిపిస్తుంది" అంది.

టీమ్‌ను కాపాడింది మా అత్తమ్మ. ఆరునెలలకని హనుమకొండ నుంచి వచ్చింది. ఆదివారం ప్రాక్టీసుకు తనూ వస్తానంది. చీర మీద స్వెట్టరు, దాని మీద నా జాకెట్టు వేసుకొని కోర్టు పక్కన కుర్చీలో కూర్చుంది. నేను వీడియో తీస్తున్నాను. తనను తీస్తున్నానని ఆమెకు తెలియదు. తెలిసినా మాట్లాడడం ఆపే మనిషి కాదు.

"పట్టు, పట్టు, పట్టు... ఇడిసిపెట్టింది. చేతులకు నూనె గిట్ల రాసుకొచ్చినవా బిడ్డా? అగో, ఆ పొడుగు పిల్లను చూడు! నెట్టు మీదికెల్లి అవతలి ఊరంత కనిపిస్తది ఆమెకు, బంతొక్కటి కనిపియ్యది."

"అమ్మా, కొంచెం ఎంకరేజ్ చెయ్యవే!" అని కోర్టులోంచి మా ఆవిడ అరిచింది.

"చేస్తున్న గదనే! తిట్టకుంటె ఎవలన్న ఆడుతరా?"

తననే తిట్టిన ఆ వీడియోను నర్సమ్మాయి స్వయంగా మా పేజీలో పెట్టింది. సాయంత్రానికి అది మా చేతుల్లోంచి జారిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరికొకరు పంపుకున్నారు. ఆష్‌బర్న్ నుంచి ఒకరు, "మా అమ్మమ్మ గొంతు విన్నట్టుంది" అని రాశారు. బాతెల్ నుంచి ఇంకొకరు, "అవ్వను టీమ్‌తో తీసుకెళ్తామని మాటిస్తేనే డొనేట్ చేస్తాం" అని షరతు పెట్టారు. మాటిచ్చాం. డబ్బు రావడం మొదలైంది.

సైటు పేజీలో పాతిక, యాభై, వంద అని మూడు బటన్లు ఉంటాయి. మన వాళ్ళు ఒక్కరూ వాటిని ముట్టలేదు. అందరూ కింద ఉన్న ఖాళీ గడిలోకి వెళ్ళి నూట పదహారు అని కొట్టారు. ఒకే సాయంత్రం ముప్పై ఒక్క మంది ఇచ్చారు. ముప్పై ఒక్క నూట పదహార్లు మూడు వేల అయిదు వందల తొంభై ఆరు. నాకు ఆ అంకె ఎంత ముచ్చటగా కనిపించిందో చెప్పలేను.

మర్నాడు పొద్దున టీ తాగుతూ అత్తమ్మ నా ఫోన్ తీసుకొని, దాతల పేర్లు పైకి చదవడం మొదలుపెట్టింది. పెళ్ళిలో పందిరి పక్కన కూర్చొని చదివింపులు చదివే గొంతు అది.

"ఈ అనానిమసు వాళ్ళెవలో గని పెద్ద చెయ్యి అల్లుడూ! ఇంటిల్లిపాది ఇచ్చిన్రు. ఆరుసార్లు వచ్చింది వాళ్ళ పేరు. ఒకపారి భోజనానికి పిలువు."

"వాళ్ళు పేరు చెప్పడం ఇష్టంలేనివాళ్ళు అత్తమ్మా."

"అట్లెట్ల? చదివింపుల కాడ పేరు చెప్పకుంటె రేపు వాళ్ళింట్ల కార్యమైతె మనమెట్ల తిరిగి పెడ్తం?"

అంతలో సైటు వాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మా పేజీలో అసాధారణమైన తీరు కనబడిందనీ, పరిశీలన పూర్తయ్యేవరకు డబ్బు ఆపుతున్నామనీ దాని సారాంశం. అది సోమవారం. గడువుకు మిగిలింది మూడు రోజులు.

ఫోన్ చేశాను. అవతల ఒక అమెరికన్ ఆవిడ, చాలా మర్యాదస్తురాలు. మా సంభాషణ ఇంగ్లీషులోనే జరిగింది.

"సర్, ఒకరితో ఒకరికి సంబంధం లేని ముప్పై ఒక్క మంది, వేరువేరు రాష్ట్రాల నుంచి, సరిగ్గా నూట పదహారు డాలర్లు ఎందుకిచ్చారు?"

"అది శుభం మేడమ్."

"వంద శుభం కాదా?"

"వందకు చివర సున్నా ఉంది."

"అయితే నూట ఒకటి ఇవ్వచ్చు కదా. పదహారు ఎందుకు?"

స్క్రూ ధర మీద ఎవరేం అడిగినా కాగితం తీసి చూపించే మనిషిని నేను. పెద్దవాళ్ళను కనుక్కొని చెబుతానన్నాను. కారణం రాసి పంపమంది ఆవిడ.

అత్తమ్మను అడిగాను. "మా నాయిన పెట్టిండు, వాళ్ళ నాయిన పెట్టిండు. ఎందుకని అడిగినోడు ఇన్నేండ్లల్ల నువ్వొక్కనివే" అంది. నర్సమ్మాయి వాళ్ళ మామగారు చంద్రుడికి పదహారు కళలు కాబట్టి అన్నారు. హైదరాబాదులో ఉన్న మా బాబాయికి ఫోన్ చేస్తే, అదేం కాదు, నిజాం రూపాయలు నూట పదహారు ఇస్తేగానీ ఇంగ్లీషువాళ్ళ రూపాయలు వంద వచ్చేవి కావు, మనం నిజాం లెక్కలో వంద ఇస్తున్నామంతే అన్నాడు. లెక్కతో కూడిన జవాబు అదొక్కటే. నాకది బాగా నచ్చింది. చంద్రుణ్ణి ఒక పేరాలోనూ నిజాం మారకం రేటును రెండు పేరాల్లోనూ పెట్టి, శ్రద్ధగా ఉత్తరం రాసి పంపాను.

మంగళవారం జవాబొచ్చింది. మీరు విదేశీ కరెన్సీ మార్పిడి గురించి ప్రస్తావించారు కనుక, మీ ఫైలును ఆ విషయాలు చూసే విభాగానికి పంపుతున్నాం అని ఉంది.

"నిజాం గురించి రాశారా?" అని అడిగింది మా ఆవిడ. చాలా మెల్లగా అడిగింది.

"రెండు పేరాలే."

ఆ సాయంత్రం ప్రాక్టీసులో ఈ సంగతి విని నర్సమ్మాయి నవ్వాపుకోలేక జిమ్ నేల మీద కూర్చుండిపోయింది. "అన్నా, ఇంకా నయం! గోల్కొండ వజ్రాల గురించి కూడా రాయలే."

ఎలాగైనా దీన్ని సరిచేయాలని నేనే ఇంకో ఉపాయం వేశాను. ఇంకా ఇవ్వాలనుకునే వాళ్ళు దయచేసి నూట పదహారు ఇవ్వకండి, ఎవరికి తోచిన అంకె వాళ్ళు ఇవ్వండి అని పేజీలో రాశాను. జనం అర్థం చేసుకున్నారు. ఒకరు రెండు వందల పదహారు ఇచ్చారు. ఒక విద్యార్థి పదహారు ఇచ్చాడు. క్లీవ్‌లాండ్‌లో ఒక డాక్టరుగారు ఐదు వందల పదహారు ఇచ్చి, "మీరు చెప్పినట్టే అంకె మార్చాను" అని రాశారు. మాకు కావలసిన నాలుగు వేలు దాటాం. చేతికి మాత్రం ఒక్క డాలరు రాలేదు.

బుధవారం మధ్యాహ్నం సైటు ఆవిడ తనే ఫోన్ చేసింది. "సర్, ఇప్పుడు అన్నీ పదహారుతో ముగుస్తున్నాయి. పైగా ఆ అంకె ఇవ్వొద్దని మీరే పేజీలో రాశారు. మా వాళ్ళు చాలా ఆందోళనగా ఉన్నారు" అంది.

నేను గొంతు సవరించుకుంటుండగా మా ఆవిడ ఫోన్ లాక్కుంది. చంద్రుడి జోలికి పోలేదు. నిజాం జోలికి అసలే పోలేదు.

"మేడమ్, మీ అమెరికన్స్ టిప్ ఎంతిస్తారు?"

"ఇరవై శాతం, మామూలుగా."

"ఇరవై ఎందుకు? పందొమ్మిది ఎందుకు కాదు?"

అవతల ఆవిడ నవ్వింది. "సరే. ఇది మీ వాళ్ళ ఆచారమని పేజీలో స్పష్టంగా రాయండి. నూట పదహారును మీ బటన్‌గా పెట్టండి. పేజీయే ఆ మొత్తం సూచిస్తే అందరూ అదే ఇవ్వడంలో వింతేమీ ఉండదు. ఇదంతా పరిశీలించే మా వాళ్ళకు కనబడాలి, అంతే. మళ్ళీ పరిశీలనకు నేను పంపిస్తాను. రేపు ఎప్పుడవుతుందో మాత్రం చెప్పలేను."

నా ఖర్చుల పట్టిక మొత్తం మా ఆవిడ తీసేసింది. దాని స్థానంలో, మా ఇళ్ళలో శుభకార్యానికి ఇచ్చే మొత్తం ఇదీ, మేం ఆడడానికి వెళ్ళడం మాకు శుభకార్యం అని రెండు వాక్యాలు రాసింది. పాతిక, యాభై, వంద బటన్లు పోయి పదహారు, నూట పదహారు, ఐదు వందల పదహారు వచ్చాయి.

గురువారం ఆఫీసులో మా మేనేజరు, మిషిగన్‌లోనే పుట్టి పెరిగిన పెద్దాయన, నా బల్ల దగ్గరికొచ్చాడు. పేజీ చూశాడట, మధ్య బటన్ నొక్కాడట. "వంద దేనికో అర్థమైంది. పదహారు టాక్సా?" అని అడిగాడు. మళ్ళీ ఉత్తరం రాసే ఓపిక లేక అవునన్నాను.

మధ్యాహ్నం మూడైంది, డబ్బు విడుదల కాలేదు. నాలుగైంది. మా ఆవిడకు ఫోన్ చేసి, "ఏం లేదు, ఫీజు వరకు నా కార్డు మీద కట్టేసి తర్వాత..." అన్నాను.

"ఏమండీ, ఆ వాక్యం పూర్తి చెయ్యకండి."

పూర్తి చేయలేదు. నా చేత కట్టించుకునే మనిషైతే ఎప్పుడో కట్టించుకొని, ఆ కమిటీ పెద్దమనిషి నవ్వును కూడా జేబులో వేసుకొని ఊరుకొని ఉండేది. వెళ్ళకుండా ఉండడానికైనా సిద్ధపడింది కానీ, ఆయన మాట నిజం చేయడానికి సిద్ధపడలేదు.

గడువుకు కొంచెం ముందు సైటు డబ్బు వదిలింది. టీమ్ బ్యాంకు కార్డు నర్సమ్మాయి దగ్గర ఉంది. ఆస్పత్రి పార్కింగ్‌లో కారులో కూర్చొని ఆమె ఫీజు కట్టింది. టోర్నమెంటు వాళ్ళ స్వాగతం మెసేజ్ రాగానే టీమ్ గ్రూపులో వచ్చిన అరుపుల రికార్డింగులు నేను ఆఫీసులో స్పీకరు ఆపకుండా తెరిచాను. మా మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

ఒహాయోలో నా ఉద్యోగం ఫోన్ పట్టుకొని ఆట లైవ్ ఇవ్వడం. మాటిచ్చినట్టే అత్తమ్మ నా పక్కన కుర్చీలో ఉంది. డబ్బిచ్చిన వాళ్ళందరూ చూస్తున్నారు. తెర మీద కామెంట్లు చీమల బారులా పైకి పోతున్నాయి. "కెమెరా మీ మిసెస్ మీద నుంచి కొంచెం పక్కకు జరపండి, టీమ్‌లో ఇంకా ఆరుగురున్నారు" అని ఎవరో రాశారు. జరిపాను.

మొదటి రెండు మ్యాచులు ఓడిపోయారు. మూడోది ఆఖరి సెట్ దాకా వచ్చింది. ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు. బంతి మా ఆవిడ చేతికొచ్చింది. అత్తమ్మ తిట్టడం ఆపేసింది. ఆ ఆదివారం ప్రాక్టీసు నుంచి అలా ఆపడం అదే మొదలు. మా ఆవిడ విసిరింది. అవతలి అమ్మాయి వేళ్ళకు తగిలి బంతి కింద పడింది. బంతి ఆమె చేయి దాటకముందే నేను రెండు చేతులూ ఎత్తి గంతేసి ఉన్నాను. రెండు చేతుల్లో ఒకదానిలో ఫోన్ ఉంది.

తెర చూసుకునేసరికి కామెంట్లు వరదలా వస్తున్నాయి. వాటిలో ఒకటి వరంగల్ నుంచి: "బాబూ, ఫ్యాన్లు బాగనే తిరుగుతున్నయి. ఆట ఏది?"

చూస్తే నిజమే. అన్ని రాష్ట్రాల నుంచి అంతమంది చదివించి పంపిన టీమ్ గెలిచిన పాయింటు రికార్డులో లేదు. జిమ్ కప్పు, దానికి వేలాడుతున్న రెండు పెద్ద ఫ్యాన్లు ఉన్నాయి. వెనకాల అత్తమ్మ గొంతు ఉంది. "ఏసింది! నా బిడ్డ ఏసింది! చూసిన్రా, ఏసింది!"

తిరుగు ప్రయాణంలో వ్యానులో నర్సమ్మాయి నన్ను ఒక్క నిమిషం కూడా వదల్లేదు. "అన్నా, నెక్స్ట్ టైమ్ నువ్వు ఆడు, ఫోన్ నేను పట్టుకుంటా." మా ఆవిడ మాత్రం ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకొని, మిషిగన్‌లో అడుగుపెట్టేదాకా ఆ రెండు ఫ్యాన్లనే మళ్ళీ మళ్ళీ చూస్తూ కూర్చుంది.