తెల్ల టైల్స్ గట్టు... చిన్నమ్మ గొంతు

మా చిన్నప్పుడు... బతుకమ్మ పండుగ వస్తుందంటే చాలు, వంటింటి గట్టు కడగడం మా ఇంట్లో ఒక యుద్ధం. జహీరాబాద్‌లో మా గల్లీలో గట్టుకు తెల్ల టైల్స్ వేయించిన మొదటి ఇల్లు మాదే. వేయించింది చిన్నాయన, మురిసిపోయింది నానమ్మ... కడిగి కడిగి నడుము విరిగింది మాత్రం చిన్నమ్మకు. చిన్నమ్మ అంటే చిన్నాయన భార్య, రాయికోడ్ నుంచి వచ్చిన చిన్న కోడలు.

టైల్స్ మీది మరక తుడిస్తే పోయేది. వాటి మధ్య సందుల్లో నింపిన తెల్ల సిమెంటే మహా మొండిది. పసుపు, చాయ్, చింతపండు పులుసు... ఏది ఒలికినా తాగేసేది. చిన్నమ్మ వంట సోడా, నిమ్మచెక్క, పాత పళ్ల బ్రష్షు పట్టుకుని ఒక్కో సందూ తోమేది. నానమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి చూసి, "గిది పోలే. పసుపు గట్లనే ఉన్నది సూడు" అని వేలు పెట్టి చూపించేది. వేలు పెట్టడం వరకే నానమ్మ పని.

చిన్నమ్మకు గొంతు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని ఇచ్చాడు. బతుకమ్మ చుట్టూ ఆమె పాట ఎత్తుకుంటే గల్లీ గల్లీ అంతా చప్పట్లు కొడుతూ అందుకునేది. ఆ తొమ్మిది రోజులూ నానమ్మ కూడా కోడలి గురించి నాలుగు మంచి మాటలు చెప్పేది.

అప్పుడు నాది మూడో తరగతి. ఆ రోజు మొగుడంపల్లి నుంచి చుట్టాలు వస్తున్నారు. అమ్మానాన్నలు బజారుకు పోయారు. నానమ్మ వంటింటి పక్క గదిలో కునుకు తీస్తోంది. సోడాతో పని కావడం లేదని చిన్నమ్మ టబ్బులో బ్లీచింగ్ పౌడరు కలుపుకుని, ఆ నీళ్లతో తోముతోంది. పని కాగానే చిరాగ్‌పల్లి వైపు తంగేడు పూలకు తీసుకుపోతానని నాకు మాటిచ్చింది. నాకేమో కాలు నిలవడం లేదు...

"ఇంకెంతసేపు చిన్నమ్మా?"

"జర ఓపిక పట్టు బిడ్డా. గీ నాలుగు సందులైతే పోదాం."

ఆమె నీళ్ల కోసం పెరట్లోకి పోయింది. బాత్రూం కడిగే యాసిడ్ సీసా తలుపు మూలన ఉంది. ముట్టుకోవద్దని నాకు వందసార్లు చెప్పారు. అయినా నా బుర్రకు ఏం తోచిందంటే... రెండూ కలిపితే పని రెండింతలు తొందరగా అవుతుందని! కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. మూత తీసి టబ్బులో గుమ్మరించాను.

బుస్సుమని పొంగింది. పచ్చటి పొగ... గొంతులో ఎవరో కారం కూరినట్టయింది. కళ్లు తెరవలేకపోయాను. చిన్నమ్మ పరుగున వచ్చి, కింద పడ్డ సీసానూ నన్నూ చూసింది. రెక్క పట్టుకుని నన్ను పెరట్లోకి లాగేసింది.

తర్వాత కొంగు మూతికి అడ్డం పెట్టుకుని మళ్లీ లోపలికే పోయింది. పక్క గదిలో నానమ్మ ఉంది కదా... ఆ టబ్బును రెండు చేతులా ఎత్తుకుని, దగ్గుకుంటూ, పెరటి కాలువ దాకా మోసుకొచ్చింది. అక్కడే కూలబడింది.

నా ఏడుపు విని గోడ అవతలి ఇంటి ముస్లిం పెద్దమ్మ, మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం, పరుగెత్తుకొచ్చింది. "యా అల్లా! ఏమైందమ్మా? ఇటు గాలికి రా, గాలికి రా! ఎవరన్న ఆటో పిలువున్రి, జల్ది!"

సాయంత్రం దవాఖానలో అందరం మంచం చుట్టూ నిలబడ్డాం. నానమ్మ అడిగింది... "ఆ రెండు ఎవరు కలిపిన్రే?"

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ కొంగు వెనక తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నేనే కలిపిన అత్తమ్మా... తెల్వక" అంది చిన్నమ్మ. అప్పటికే ఆ గొంతు ఆమెది కాదు.

ఆ ఏడు బతుకమ్మకు వేరే ఎవరో పాట ఎత్తుకున్నారు. చిన్నమ్మ చప్పట్లు మాత్రం కొట్టింది. ఆ పై ఏడూ అంతే. గొంతు బొంగురుపోయింది, చలికాలం వస్తే ఆయాసం. నానమ్మకు మాత్రం ఒక కథ దొరికింది. వచ్చిన చుట్టానికల్లా చెప్పేది... "మా చిన్న కోడలు పదోది పాసైంది గనీ, యాసిడ్‌ల బ్లీచింగ్ కలుపుతదమ్మా!" అందరూ నవ్వేవారు. చిన్నమ్మా నవ్వేది. నా వైపు ఒకసారి చూసేది, అందులో కోపం ఉండేది కాదు. కోపం ఉన్నా బాగుండేది.

చెప్పాలనే అనుకునేదాన్ని... రేపు, ఎల్లుండి, పరీక్షలయ్యాక, పెళ్లయ్యాక. నేను చెప్పకముందే చిన్నమ్మ పోయింది. పదకొండో రోజు భోజనాల దగ్గర ఎవరో మళ్లీ ఆ కథ ఎత్తారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను క్షమించుకోలేను.

పెళ్లయ్యాక నేనుంటున్న ఇంట్లోనూ గట్టుకు టైల్సే. ఆదివారం సందులు తోముతుంటే వెనక నుంచి దగ్గు వినిపిస్తుంది... రెండుసార్లు పొడిగా, ఆ తర్వాత గాజుల చప్పుడు. నల్లా కట్టేసి వింటాను. ఎవరూ ఉండరు. మా ఆయన "నీ భ్రమ" అంటాడు. భ్రమే కావచ్చు. భయమైతే లేదు... ఆమె దెయ్యమై వచ్చినా నన్ను ఒక్క మాట అనదు, నా బాధంతా అదే.

జహీరాబాద్‌లో మా పాత గల్లీలో ఇప్పుడు అందరివీ నల్ల గ్రానైట్ గట్లు. మరక పడినా కనబడదు, కోడళ్లను నిలబెట్టి వేలు చూపించే అత్తలూ లేరు. మంచిదే. ఈ పోస్టు మా చుట్టాల గ్రూపులో కూడా పెడుతున్నాను. ఆ రోజు యాసిడ్ పోసింది చిన్నమ్మ కాదు, నేను. ఇకముందు ఆ కథ చెప్పి నవ్వాలనిపిస్తే నా పేరు పెట్టి నవ్వండి.

మీ తప్పును తన నెత్తిన వేసుకున్న మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు... వాళ్ల గురించి కింద రాయండి. బతికుంటే మాత్రం, ముందు వాళ్లకు చెప్పి వచ్చి రాయండి.