హెడ్విగ్ మొగుడు

మా ఎనిడ్ థాక్రే అంత పిచ్చిది ఇంగ్లండ్ మొత్తం గాలించినా దొరకదు. యుద్ధకాలంలో ఇద్దరం ఒకే చెక్క షెడ్డులో, ఒకే బల్ల దగ్గర జర్మన్ల రహస్య సందేశాలు విప్పేవాళ్లం. అక్కడ కూర్చుని, ముఖమైనా చూడని శత్రువు మీద ఆపేక్ష పెంచుకుంది.

వాడు లిబియా ఎడారిలో, సందేశాలను రహస్య లిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రం నడిపే సిపాయి. ప్రతి సందేశానికీ ఆ యంత్రం చక్రాలను తోచిన అక్షరాల మీదికి తిప్పాలి. మూడక్షరాలు బాహాటంగా చెప్పాలి, మరో మూడు దాచాలి. వాడు ఒట్టి బద్ధకస్తుడు. హెడ్విగ్ అనే ఆడపేరుకు వాళ్ల రాతలో ఆరక్షరాలు. మొదటి సగం పైకి చెప్పి, రెండో సగం దాచేవాడు. ఏడాదిగా అదే పేరు కాబట్టి దాచిన సగం మాకు ముందే తెలుసు. దాంతోనే ఆ రోజు సందేశాల తాళం మాకు ఊడేది.

"హెడ్విగ్ మొగుడు లేచాడే!" అనేది ఎనిడ్, టీ కప్పు పక్కన పెట్టి.

ఎనిడ్ తమ్ముడు క్లెమ్ అదే ఎడారిలో మా సైన్యానికి నీళ్ల లారీ తోలేవాడు. తాళం ఊడని రోజు ఆమెకు రొట్టెముక్క గొంతు దిగేది కాదు.

ఒకరోజు హెడ్విగ్ రాలేదు. పైకి చెప్పిన అక్షరాలు హెచ్, ఈ, ఐ. జర్మన్లు దాన్ని 'హై' అని పలుకుతారు.

"కొత్తదాన్ని తగులుకున్నాడు. మగబుద్ధి!" అన్నాను. అలా మొదలయ్యే ఆరక్షరాల ఆడపేర్లు నాకు తెలిసినవన్నీ పెట్టి చూశాను. ఒక్కటీ పడలేదు.

"ఛీ, ఊరుకోవే. వాడు అలాంటివాడు కాదు. హెడ్విగ్‌ని పక్కన పెట్టాడంటే..." ఎనిడ్ ఆగిపోయింది. కళ్లు చెమర్చాయి. "కొడుకు పుట్టాడే వాడికి! హైనర్ అని పెట్టి చూడు."

పడింది. ఇద్దరం కావలించుకుని గెంతాం.

నాకు జర్మన్ వచ్చు కాబట్టి సందేశం నేనే చదివాను. ఆ సాయంత్రం నీళ్ల లారీల దారి మీద బాంబులు వేయబోయే విమానాలు ఏ మైదానంలో ఉన్నాయో అందులో ఉంది. హైనర్ నాన్న ఉన్నదీ అక్కడే. మా విమానాలు ముందే వెళ్లి ఆ మైదానాన్ని నేలమట్టం చేశాయి. మర్నాడు ఎనిడ్ వాడి సందేశాల కోసం కాగితాలన్నీ వెతికింది. మరెప్పుడూ రాలేదు.

యుద్ధం అయిపోయి క్లెమ్ క్షేమంగా ఇల్లు చేరాడు. ఆ విందుకు నేనూ వెళ్లాను.

"ఇన్నేళ్లూ ఏం వెలగబెట్టావే అక్కా?" అన్నాడు వాడు నవ్వుతూ.

"టైపు కొట్టాన్రా," అంది ఎనిడ్. నిజం చెప్పకూడదని మా అందరికీ ఒట్టు.

వాడు అటు వెళ్లగానే ఆమె చెవిలో, "నువ్వు బతికించిన మనిషే వీడు," అన్నాను.

ఎనిడ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"హైనర్‌కి ఇప్పుడు నాలుగేళ్లుంటాయే. వాడు పుట్టాడని నా సొంత మేనల్లుడు పుట్టినంత సంబరపడ్డాను. ఆ పూటే వాడికి నాన్న లేకుండా చేశాను."