అడగనక్కర్లేని లింకు

రుమేనియాలోని టిమిషోరాలో బేగా కాలువ ఒడ్డున ఉన్న కంపెనీలో సిడోనియా ముర్గు డ్రైవర్లు రాస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ నెట్‌వర్క్ చిప్పుకీ మధ్య మాట నడిపే ప్రోగ్రాములవి. ఆమె మొగుడు తిబేరియు మాత్రం ట్రామ్ నడిపే అసలు డ్రైవరే. "ఇంట్లో ఇద్దరు డ్రైవర్లుండీ నన్ను బడిలో దింపే దిక్కు లేదు" అని వాళ్లబ్బాయి రారెష్ ఎగతాళి చేసేవాడు. పెద్దయ్యాక మోటార్ సైకిల్ కొనుక్కున్నాడు. దానిమీదే పోయాడు.

వచ్చే శనివారానికి ఏడాది. సమాధి దగ్గర ప్రార్థన చేయించి, ఉడికించిన గోధుమల్లో అక్రోటు పప్పు కలిపి కొలీవా పంచాలి. పూడ్చిన రోజు తర్వాత తిబేరియు శ్మశానం గేటు దాటి లోపలికి వెళ్లలేదు. అయినా ఫాదర్‌కీ, అత్తగారికీ, చుట్టాలందరికీ సిడోనియా ఒకటే మాట చెప్పింది: "తిబీ వస్తాడు." తిబీని మాత్రం అడగలేదు. ఏమంటాడోనన్న భయం కూడా కాదు. భయపడాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి. ఆమెలో ఏదీ కదలడం లేదు.

బుధవారం హార్డ్‌వేర్ గదిలోంచి హోరియా పిలిచాడు. నోటికి తాళం లేని మనిషి.

"ఇలా రండి సిడోనియమ్మా, మీ బోర్డు నిర్వాకం చూద్దురుగాని. కేబుల్ పీకి నా చేతిలో పట్టుకున్నాను. అదేమో లింకు భేషుగ్గా ఉందంటోంది! శవం నాడి పట్టుకుని కులాసాగా ఉన్నాడనే డాక్టరండీ ఇది!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. సిడోనియాకు ఏమీ అనిపించలేదు. తెర వైపు చూసింది. పంపిన ప్యాకెట్ల లెక్క పెరుగుతూనే ఉంది. వచ్చినవి సున్నా. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నట్టే.

తప్పెక్కడుందో వెంటనే తెలిసింది. పాత బోర్డులో రెండు చిప్పులూ పక్కపక్కనే అతికి ఉండేవి. ఊడిపోయే తీగ లేదు, నువ్వున్నావా అని అడిగే పనీ లేదు. అలాంటిచోట "లింకు ఎప్పుడూ ఉంటుంది" అని ఒక్క ముక్క రాసేస్తారు. ఫిక్స్‌డ్ లింకు అంటే అదే. కొత్త బోర్డులో ఒక చిప్పు వేరే పలక మీదికి మారి, మధ్యలో కేబుల్ వచ్చింది. ఆమె మాత్రం పాత ముక్కనే కళ్లు మూసుకుని దించేసింది. ఇది అనుభవజ్ఞులు మాత్రమే చేయగల తప్పు. కొత్తవాళ్లయితే భయపడి ఒకటికి రెండుసార్లు అడుగుతారు.

ఆ ముక్క తీసేసి, డ్రైవర్ ప్రతిసారీ అవతలి చిప్పునే అడిగి తెలుసుకునేలా రాసింది. తెర మీద ఈసారి "లింకు లేదు" అని వచ్చింది.

"లేదంటోందండీ!" అన్నాడు హోరియా.

"నిజమే చెప్పింది కదా. ఇప్పుడు కేబుల్ పెట్టు."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తిబేరియు వంటింట్లో సూప్ తాగుతున్నాడు. శనివారానికి తెచ్చిన గోధుమలు, గిన్నెలో అక్రోట్లు బల్ల మీదున్నాయి. ఆమె కోటు కూడా విప్పలేదు.

"తిబీ, శనివారం వస్తావా?"

చెంచా పక్కన పెట్టాడు.

"రాను."

ఆమె కూర్చుంది.

"నేనొస్తానని ఊరంతా చెప్పావంట. అమ్మ ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. నన్నడిగిన పాపాన పోయారా ఎవరన్నా?"

"ఇప్పుడు అడుగుతున్నాగా."

"ఆ రాయి మీద వాడి పేరుంటుంది సిడో. నేను చదవలేను."

ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. తన చేతులు చల్లగా ఉన్నాయని మాత్రం తెలిసింది. తిబేరియు అక్రోట్ల గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కటే పగలగొట్టి పప్పు తీయడం మొదలుపెట్టాడు. చిన్న ముక్క కూడా వదల్లేదు.

శనివారం శ్మశానం గేటు దగ్గర అత్తగారు వెటూరియా ఎదురుచూస్తోంది. కోడలి చేతిలో కొలీవా పళ్లెం చూసింది, వెనక్కి చూసింది.

"వాడేడే? వస్తాడన్నావుగా?"

"రాడత్తయ్యా. అక్రోట్లన్నీ తనే కొట్టి పప్పు తీశాడు."

"రాడని నీకు నువ్వే అనేసుకుంటే ఎలాగే?"

"లేదు, అడిగాను," అంది సిడోనియా. ఇంకా ఏదో చెప్పబోయింది. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అత్తగారు పళ్లెం అందుకుంది.