విప్పడానికి చేసిన ప్యానెల్

మా నాన్న, బాపు, ఏ వస్తువునైనా ముందు అనుమానంగా చూసి, తర్వాతే ముట్టుకుంటాడు. ఆ బుద్ధి నాకూ వచ్చింది. అందుకే బమ్రోలిలో మా ఇంటి డాబా మీది సోలార్ ప్యానెల్‌లోకి వానాకాలమంతా చుక్క నీరు దిగలేదని చూసినప్పుడు, సంతోషం కంటే ముందు అనుమానం కలిగింది.

ఆ ప్యానెల్ నేను డిజైన్ చేసిందే. మామూలు వాటిలో అద్దాన్నీ లోపలి సెల్స్‌నీ కలిపి అతికించేస్తారు. పాతబడ్డాక విడదీయడం పెద్ద తలనొప్పి. నేను అంటించడం మానేసి, అంచు చుట్టూ రబ్బరు పట్టీ వేసి స్క్రూలు బిగించాను. విప్పితే దేనికది చేతికి రావాలి. ఒక్క వానాకాలం తట్టుకుంటే ముందుకెళ్దాం, తేమ చేరిందా ఇక ఆ ఊసెత్తొద్దు అన్నాడు మా కంపెనీ యజమాని.

బిగించిన రోజే బాపు మొహం చిట్లించాడు.

"మనిషి విప్పితే వచ్చేది, నీళ్ళకు తొవ్వ ఇయ్యదా బిడ్డా?"

"రబ్బరు ఉన్నది గదా బాపూ."

"రబ్బరు ముచ్చట నాకు చెప్పకు."

ఆయన బతుకంతా నీటి ధారతో పోగును తోసే మగ్గాల మీదే గడిచింది. షెడ్డులో ఏ అతుకు కారినా, ఎవరూ అడగకుండానే వెళ్ళి ఘాటు వాసనొచ్చే నల్ల జిగురు పూసి వచ్చేవాడు. ఇంట్లో మిక్సీ మూతకూ పూసి అమ్మ చేత తిట్లు తిన్నాడు.

వానలు దంచికొట్టాయి. అద్దం లోపల ఆవిరి మచ్చ కూడా పట్టలేదు. నా మొదటి ప్రయత్నం ఇంత బాగా నిలవడం ఏమిటి? ఆఫీసులో ఎవరైనా ప్యానెల్ మార్చేశారేమోనని నంబరు కూడా సరిచూసుకున్నాను.

విప్పే రోజు స్క్రూలన్నీ చక్కగా వచ్చాయి. అద్దం మాత్రం కదల్లేదు. అంచులో చాకు దూరిస్తే నల్లటి పెళ్ళలు రాలాయి.

"బాపూ, ఏందిది?"

"వానలు మొదలుగాకముందే పూసిన. నీళ్ళు పోలే గదా? పాసైనట్టే గదా?"

ఒళ్ళు మండిపోయింది. వానను ఆపింది నా పట్టీయో, ఆయన జిగురో ఇప్పుడు ఎవరు చెప్పాలి?

"నా మీద గింతన్న నమ్మకం లేదా?" అని అరిచాను.

"నీ మీద లేక కాదు బిడ్డా. నీళ్ళ మీద లేక."

ఆ మాటకు కోపం తగ్గలేదు. యజమానికి జరిగింది చెబితే, నేనే పూయించానేమో అన్నట్టు చూశాడు. ఎలాగో ఇంకో వానాకాలం గడువిచ్చాడు.

కొత్త ప్యానెల్ బిగించాం. మొన్న తొలి వాన పడ్డ పొద్దున, నేను గొడుగు వేసుకుని డాబా ఎక్కేసరికి బాపు అప్పటికే అక్కడ తడుస్తూ, అద్దంలోకి వంగి చూస్తున్నాడు.

"లోపలికి పోలే బిడ్డా," అన్నాడు, మొహమంతా సంబరంతో.

నేను గొడుగు పక్కన పడేసి, ముందు ఆయన చేతులు పట్టుకుని వాసన చూశాను.